వెలుగు మనిషి చేతులు

కట్ట విప్పి చూడకుండా సరుకు కొన్న ఘనత మా వంశం మొత్తంలో నాకొక్కదానికే దక్కింది. కోరుట్లలో మా బాపుది కిరాణా దుకాణం, మేనమామలది బట్టల దుకాణం. మా ఇళ్లలో పిల్లలకు మాటలు సరిగా రాకముందే చీర తిరగేసి చూడటం వస్తుంది. అలాంటి ఇంట్లో పుట్టి, జగిత్యాలలో పాత పేపర్ల దుకాణంలో సైన్స్ నవలల కట్టను తాడు కూడా సడలించకుండా కొన్నాను. సగానికి సగం తగ్గించమంటే ఆ దుకాణాయన మారు మాట్లాడకుండా సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నవాణ్ని అనుమానించాలని మా దుకాణం పిల్లికి కూడా తెలుసు. నేను మాత్రం గెలిచిన సంబరంలో బస్సెక్కేశాను. ఇంటికెళ్లి చూస్తే కట్టలోకెల్లా లావుపాటి నవలకి, అన్నిటికన్నా మంచి నవలకి, చివరి పేజీలు లేవు.

పోయిన వారం అదే దుకాణంలో అదే నవల ఇంకో ప్రతి కనిపించింది. ఈసారి ముందు చివరి పేజీ చూశాను. ఉంది! నిలబడే చదివేశాను. దుకాణాయన ఎంత చెప్పాడో అంతా ఇచ్చి, బేరం మాట మరిచిపోయి, సిరిసిల్ల బస్సు కోసం పరుగెత్తాను. అక్కడ మా చిన్నమ్మ ఆ ముగింపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తోంది మరి.

మొదటిసారి ఆ నవల కొన్న రోజుల్లో నేను సిరిసిల్లలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తూ చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. చిన్నాయన సాంచాల మీద పని చేసేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అనే అంటారు. చిన్నమ్మ వాకిట్లో కూచుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తంబాకు ఘాటుకి నేను తుమ్ముతూ, వీధంతా సాంచాలు టకటకమంటుంటే గొంతు చించుకుని చదివేదాన్ని. కథలో ఒక కరువు ఊరి గుట్ట మీదికి నక్షత్రాల అవతలి నుంచి ఒకడు దిగుతాడు. ఒళ్లంతా వెలుగే. దూరం నుంచే రోగాలు మాన్పుతాడు, ఎండిన బావుల్లో నీళ్లూరిస్తాడు. దగ్గరికి మాత్రం ఎవర్నీ రానివ్వడు. చివరికి ఊరంతా గుట్టెక్కి తన దగ్గరికి రావాలంటాడు. జనం ఎక్కడం మొదలుపెడతారు. అంతే, పేజీలు అయిపోయాయి!

చిన్నమ్మ చేతిలో బీడీ చుడుతున్న తునికాకు ఆగిపోయింది. "అయ్యో, ఎక్కొద్దని చెప్పున్రే ఎవలన్నా! గాడు మోసగాడు బిడ్డా."

"ఎట్ల చెప్తవ్ చిన్నమ్మా? బావుల్ల నీళ్లు తెచ్చిండు గదా."

"నీళ్లు తెస్తే? వెలుగు వేషం ఎవడన్న ఏస్తడు. మన ప్రభువు సిలువ మీద సచ్చి లేచినంక ఒక శిష్యుడు నమ్మలే. ప్రభువు ఆన్ని తిట్టిండా? చేతులు సాపి, గీ గాయాలు ముట్టి చూడు అన్నడు. వీని చేతులేయి? ఇంత కథల ఒక్కసారన్న కనవడ్డయా?"

నేను ఎగిరి గంతేశాను. చీర మడత విప్పనివ్వని దుకాణంలో కొనొద్దని మా బాపు చెప్పేది సరిగ్గా ఇదే! "ఆ శిష్యుడు మన దుకాణపోళ్ల మనిషే చిన్నమ్మా!" అని అరిచాను. ఆ రోజు నుంచి మిగతా నవలల్లోని మరమనుషుల్నీ, గ్రహాల రాజుల్నీ ఒక్కొక్కరినే మా వాకిట్లోకి పిలిచి చేతులు చూపించమన్నాం. చాలామంది చూపించలేకపోయారు. చిన్నాయన మాత్రం, "తిక్క లేసిందా మీ ఇద్దరికి?" అని నవ్వేవాడు.

ఆ నవ్వే మనిషి ఒకనాడు షుగర్ మాత్రలు మానేశాడని తెలిసింది. బోయినపల్లి వైపు ఒకాయన ప్రార్థనతో రోగాలు మాన్పుతానని స్వస్థత సభలు పెడుతున్నాడట, మాత్ర మింగితే విశ్వాసం లేనట్టేనన్నాడట. అప్పటికే చిన్నాయన కాలి వేలి మీద పుండు నల్లబడింది. చిన్నమ్మ అరిచింది, ఏడ్చింది, ఆయన వినలేదు. "సరే, నేను గూడ అస్త పా," అని చివరికి నన్నూ వెంటేసుకుని బయల్దేరింది. వేదిక నిండా కళ్లు జిగేలుమనే లైట్లు. వంతు రాగానే చిన్నమ్మ చిన్నాయన చెయ్యి పట్టుకుని నిలబడింది.

"అయ్యా, షుగర్ చూసే మిషిని తెచ్చిన. ఇప్పుడొకసారి చూస్తం. మీరు ప్రార్థన చేసినంక మల్లొకసారి చూస్తం."

సభ పెట్టినాయన మైకు పక్కకి తిప్పాడు. "పరీక్ష పెట్టడం పాపం తల్లీ. నమ్మినవాళ్లు అడగరు."

"నా ప్రభువునే అడిగిన్రు, ఆయన చేతులు సాపిండు. మీరెందుకు దాస్తున్రయ్యా?"

ఆయన మిషిని వైపు చూడకుండా తరవాతి వంతు వాళ్లని పిలిచాడు. చిన్నమ్మ మొగుణ్ని బరబరా లాక్కుంటూ బయటికొచ్చింది. బస్సులో ఆయన, "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్," అని కిటికీ వైపు తిరిగి కూచున్నాడు. కాసేపటికి అటు తిరిగే, "ఆయన మిషిని ముట్టలే గదా," అన్నాడు. మర్నాడు మా ఇద్దరితో దవాఖానకి నడిచాడు.

పోయిన వారం చిన్నమ్మ వాకిట్లో కూచుని ఆ చివరి పేజీలు చదివాను. వెలుగు మనిషి మంచివాడే! ఊరిని ముంచే వరద వస్తోందని ముందే తెలిసి అందరినీ గుట్ట ఎక్కించాడు. తన ఒంటి జబ్బు వాళ్లకు అంటకూడదని అన్నాళ్లూ దూరంగా ఉన్నాడు, వాళ్లు పైకి చేరేసరికి తను అవతలి వైపు నీళ్లలోకి దిగిపోయాడు. ఊరు దక్కింది, అతను దక్కలేదు. చదవడం ఆపి భయంభయంగా తలెత్తాను.

చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గా ముచ్చట మొదలే చెప్తే అయిపోవు గదా! మంచోడే పాపం, దుకాణం నడుపుడే చేతగాలే." తరవాత చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "మొదటి సంది సదువు బిడ్డా. ఈసారి నేను ఆని దిక్కుకెల్లి ఇంట."

అరుగు మీద చిన్నాయన కూడా కాళ్లు చాపి వినడానికి సర్దుకున్నాడు. ఇక లెక్క తేలుస్తాను: నా బేరం నష్టం, వెలుగు మనిషి విషయంలో చిన్నమ్మ అంచనా తప్పు, చిన్నాయన ఎడమకాలికి ఒక వేలు తక్కువ, కాలు మిగిలింది. ఈ ముగ్గురం ఇలా కూచోగలిగే మధ్యాహ్నాలు ఇంకెన్ని ఉన్నాయో ఏ దుకాణంలోనూ కట్ట విప్పి చూపించరు. కాలం దగ్గర మాత్రం సరుకు ఎప్పుడూ చూడకుండానే కొనాలి.