గంగులవ్వ చీరలో నేను

ఒక పెద్దాయన నన్ను తన భార్య అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు, పెళ్లయినప్పటి నుంచీ ఆమెకు చెప్పని మాటలన్నీ నాకు చెప్పేశాడు. నా పరువు ఎట్లా పోయిందో వినండి. నవ్వొస్తే నవ్వేయండి, నేనేం అనుకోను.

మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీవాళ్లు సెలవుల్లో ఒక్కొక్కరినీ ఒక్కో పెద్దవాళ్ల ఇంటికి సాయానికి పంపారు. నాకు చౌడేపల్లె పక్కన ఒక పల్లెలో మునెప్ప తాత ఇల్లు పడింది. ఆయన భార్య గంగులవ్వ మోకాలి ఆపరేషన్ చేయించుకుని కుప్పంలో చెల్లెలింట్లో ఉంది. నడక బాగయ్యేదాకా అక్కడే ఉండాలి. ఇంట్లో మిగిలింది తాత, నా నడుము దాకా కూడా రాని ఒక పుంగనూరు ఆవు, దాని దూడ. ఆవు పేరు చిట్టి.

నేను మదనపల్లె బస్టాండు వెనక పెరిగినవాణ్ణి. పాలంటే నాకు తెలిసింది ప్యాకెట్ మూల కత్తిరించడమే. అయినా తాత చేతులు వణుకుతుంటే చూసి, పాలు పిండేది ఫోన్‌లో నాలుగు వీడియోలు చూశాను, మీరు కూర్చోండి అన్నాను. చిట్టి నన్ను చూసింది. చెంబును చూసింది. చెంబును తన్నింది. అవ్వ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగని ఆవు అది. దూడ తాగింది తాగగా మిగిలిన పాలతో పొదుగు గట్టిపడుతోంది.

తాత రోజూ ఆవు కష్టాలే చెప్పేవాడు. "సిట్టి రాత్రంతా నిద్ర పోలేదప్పా. వాకిలి పక్కే సూస్తాండాది" అనేవాడు. నాకు తెలిసి చిట్టి రాత్రంతా హాయిగా పడుకునే ఉంది, వాకిట్లో తిరిగింది తాతే. చిట్టి మేత ముట్టలేదనేవాడు. గాట్లో గడ్డిపోచ మిగిలేది కాదు, తాత కంచంలో సంగటి మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఇవన్నీ కళ్లారా చూసిన నేను, ఎంత తెలివైనవాణ్ణంటే, వెటర్నరీ డాక్టర్ని పిలుద్దామా తాతా అని అడిగాను. ఆయన నావైపు జాలిగా చూశాడు.

పోనీ ఒకసారి కుప్పం వెళ్లి అవ్వను చూసి రమ్మంటే, "సిట్టిని ఎవురికి ఇడిసిపెట్టి పోయేది?" అన్నాడు. అదీ నిజమే. ఆవు పాలివ్వడం లేదని తెలిస్తే అవ్వ కుంటుకుంటూ బస్సెక్కి వచ్చేస్తుందని ఆయన భయం. అందుకే ఆమె ఫోన్ కూడా తీసేవాడు కాదు. పాపం, ఆమె పొద్దున్నే నాకు చేసి, అంతా బాగుందా అని అడిగేది. నేను బాగుందని అబద్ధం చెప్పేవాణ్ణి.

ఎదురింటి ఫాతిమాబీ మా అవస్థ చూడలేక ఉపాయం చెప్పింది. "గంగులమ్మ సీర కట్టుకోప్పా. ఆవుకు వాసన తెలుస్తాది" అంది. తాతకు చెబితే చీర ముట్టనివ్వడని, మర్నాడు ఇంకా మసక ఉండగానే దండెం మీది పాత నీలం చీర తీసి, ప్యాంటు చొక్కా మీదే చుట్టుకుని, తల మీదుగా కొంగు లాక్కుని కొట్టంలోకి పోయాను. చిట్టి కొంగు వాసన చూసి మెడ దించింది. చెంబులో జుయ్యిమని పాలు పడ్డాయి. నాకంటే గొప్పవాడు ఈ జిల్లాలోనే లేడనుకున్నాను.

"వచ్చేస్తివా" అంది వెనక నుంచి ఒక గొంతు.

తాత. కళ్లద్దాలు లేవు. తిరిగి చూసి, నేను తాతా అంటే సరిపోయేది. కానీ నా గొంతు వినబడితే చిట్టి తంతుందని నోరు మూసుకున్నాను. ఆయన వచ్చి నా వెనక రోలు మీద కూర్చున్నాడు.

"నువ్వు పోయినంక ఈ ఇల్లు నాది మాదిరే లేదే. అరిసేదానికి గూడా మనిషి లేదు" అన్నాడు. ముందుకు వంగి, "ఇంక యాడికీ పోవు కదా?" అన్నాడు.

నేను సన్నగా "ఊ" అన్నాను.

అప్పుడు మోగింది ఫోన్, చీర మడతల కింద ప్యాంటు జేబులో. కంగారులో తీస్తుంటే చెంబు ఒరిగింది, వేలు తగిలి వీడియో కాల్ కలిసింది. తెరమీద గంగులవ్వ.

"ఎవురమ్మా నువ్వు? నా సీర కట్టుకోని నా ఆవు కాడ ఏం జేస్తాండావు?" అంది.

తాత ఫోన్‌ను చూశాడు, నన్ను చూశాడు. ఆ ముఖం వాడిపోయింది. నా ఊ నమ్మినంత సేపు ఆ మనిషి ఎంత సంతోషంగా ఉన్నాడో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. కొంగు తీసి, నేనే అవ్వా అన్నాను.

"ఆయప్ప ఆడ్నే ఉండాడా? యాల మాట్లాడడు?" అంది అవ్వ. ఫోన్ ఆయనవైపు తిప్పాను. ఆయన చిట్టి వీపు మీద చెయ్యి వేశాడు.

"ఏం లేదు. సిట్టి నిన్ను అడగతాండాది."

అవ్వ ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత, "నాకూ ఈడ పొద్దు పోతాలేదని సిట్టికి సెప్పు" అంది.

నాలాంటి మొద్దుకు కూడా ఆవు భాష అప్పుడు అర్థమైంది. చిట్టి నాకు పాలిచ్చింది కదా, మీరు కుప్పం పోండి తాతా అన్నాను. మధ్యాహ్నానికి ఉతికిన చొక్కా వేసుకుని, ఆవు జాగ్రత్త అని ఒక్క మాట కూడా అనకుండా బస్సెక్కాడు.

మిగిలిన సెలవులన్నీ చీరలోనే గడిచాయి. పాలు పోయించుకునేవాడు నన్ను అక్కా అనేవాడు. చివరికి ఇద్దరూ వచ్చారు. అవ్వ చేతిలో కర్ర, ఒంటిమీద తాత కుప్పంలో కొనిచ్చిన కొత్త చీర. చిట్టి ఆ కొత్త చీర వాసన చూసి, మెడ తిప్పి నా దగ్గరికొచ్చి నిలబడింది.

"నా మొగుడు నాకు సేరినాడు. సీర ఇచ్చేసి, ఆవును గూడా ఇడిసిపెట్టప్పా" అంది గంగులవ్వ.

ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. మళ్లీ ప్యాకెట్ మూల కత్తిరిస్తున్నాను. ఆ కొట్టం, ఆ పాల చప్పుడు, రోలు మీద కూర్చున్న ఆ మనిషి రోజూ గుర్తొస్తారు. చిట్టి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇంకొకరి చీర కట్టుకుని ఊ కొట్టను. ఎవరింట్లోనైనా ఆవు దిగులు పడిందంటే వెటర్నరీ డాక్టర్ని పిలవను. మొన్న మా అమ్మ ఫోన్ చేసి, మన కుక్క అన్నం ముట్టడం లేదురా అంది. సాయంత్రానికల్లా మదనపల్లెలో దిగాను. కుక్క శుభ్రంగా తిని పడుకుని ఉంది.