సాలమ్మ నల్లుల మందు

మునగాల దగ్గర హైవే పక్కన మత్తయ్య దాబా పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. పొయ్యి దగ్గరి పని అతనిది, ఆరుబయట వేసిన నులక మంచాల పని అతని భార్య సాలమ్మది. లారీ డ్రైవర్లు కడుపునిండా తిని ఆ మంచాల మీదే నడుం వాల్చేవారు. వాళ్ల దుప్పట్లలో వచ్చాయో, గోనెసంచుల్లో వచ్చాయో గాని, ఎనభై తొమ్మిది ఎండాకాలంలో మంచాల నిండా నల్లులు పడ్డాయి. డ్రైవర్లు వీపులు గోక్కుంటూ లేచి, ఎదురుగా ఉన్న దాబాకు మళ్లడం మొదలుపెట్టారు.

"పురుగులమందు తెల్లపొడి సల్లితే ఖతం అయితయి గద," అన్నాడు మత్తయ్య.

సాలమ్మ ఒప్పుకోలేదు. కిందటేడు చీమలకని ఆ పొడి చల్లిన మంచం కింద పడుకున్న మేకపిల్ల నురగలు కక్కి చచ్చిపోయింది.

"మనుషులు పండే మంచాలివి. ఆ పొడి మాట మల్ల ఎత్తకు," అంది.

ముందు వాగు ఒడ్డున వావిలి కొమ్మలు విరిచి తెచ్చి మంచాల కింద పరిచింది. నల్లులు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చాయి. కోదాడ నుంచి వేపనూనె తెప్పించి, సబ్బునీళ్లలో గిలకొట్టి, నులక సందుల్లోనూ పట్టెల బెజ్జాల్లోనూ గుడ్డతో పూసింది. తడి తగిలిన నల్లి చచ్చింది. తగలనిది పక్క మంచానికి నడిచిపోయింది. సీతాఫలం గింజలు నూరి చల్లితే, ఆ పొడి ఎగిరి ఒక డ్రైవరు కళ్లలో పడింది. కళ్లు మండిపోయి అతను సూర్యాపేట దవాఖానకు పోవాల్సి వచ్చింది. ఆ రోజుతో ఆమె గింజల జోలికి పోలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. గోడవారన ఎండలో పడి ఉన్న విరిగిన మంచం ఒక ఎత్తు. దానికి ఆకు లేదు, నూనె లేదు. అయినా దానిలో వెతికితే ఒక్క నల్లి దొరకలేదు. ఎండకా? దాని మీద ఎవరూ పడుకోకపోవడం వల్లనా? సాలమ్మకు ఎంతకూ తేలలేదు.

చివరికి విసుగొచ్చి అన్నీ కలిపి చేసింది. నులక మీద మరుగునీళ్లు పోసింది, మంచాలను ఎండలో నిలబెట్టింది, నూనె పూసింది, వావిలాకు పరిచింది. నల్లులు పోయాయి. డ్రైవర్లు తిరిగొచ్చారు. సాలమ్మ దగ్గర మందు ఉందన్న మాట లారీలతో పాటే ఊళ్లు తిరిగింది. సీసాలు పట్టుకుని జనం వచ్చేవారు. నూనె పోసి ఇచ్చేటప్పుడల్లా ఆమెకు లోపల గుంజాటనే. నిజంగా ఇదేనా పనిచేసింది?

ఒకరోజు మిర్యాలగూడ నుంచి చెల్లెలు సాయమ్మ కోపంగా బస్సు దిగింది.

"నీ మందు పూసినంక ఇంక ఎక్కువైనయి అక్కా! కోడలు బాలింత. పసిగుడ్డుకు ఒళ్లంత దద్దుర్లే."

సాలమ్మ వేపనూనె సీసా సంచిలో పెట్టుకుంది. చెల్లెలి వెంటే బస్సెక్కింది.

అక్కడ మంచం శుభ్రంగానే ఉంది. గోడకు వేలాడే క్యాలెండరు ఎత్తి చూస్తే వెనక పగుళ్లలో నల్లుల గుంపు, తెల్లటి గుడ్లు. నూనె వాసనకు అక్కడికి చేరాయో, మొదటి నుంచీ అక్కడే ఉన్నాయో ఎవరు చెప్పగలరు? తల్లీబిడ్డల్ని పక్కింటికి పంపి, అక్కాచెల్లెళ్లు బట్టలన్నీ ఉడకబెట్టారు. దర్వాజా సందుల్లో నూనె పట్టించారు. పగుళ్లు మట్టితో మెత్తారు. అంతా అయిందనుకున్నాక, వారం తిరిగేసరికి మళ్లీ ఆవగింజలంత కొత్త నల్లులు కనిపించాయి. గుడ్లు చావనే లేదన్నమాట. సాయమ్మ ఏడుపు మొహం పెట్టింది. సాలమ్మ మళ్లీ పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

రెండోసారి చేశాక బిడ్డ ఒంటి మీద కొత్త దద్దుర్లు లేవలేదు.

"నీ మందు గట్టిదే అక్కా, ఊకెనే తిట్టిన," అంది సాయమ్మ.

"మందా, మరుగునీళ్లా, మట్టా? ఏది పనిచేసిందో నాకే తెల్వదే."

దాబాకు తిరిగొచ్చేసరికి గరిడేపల్లి మనిషి ఒకడు సీసాతో కూర్చుని ఉన్నాడు. సాలమ్మ సీసా అందుకుంది గాని నూనె పోయలేదు.

"నూనె ఒక్కటే ఇచ్చి పంపలేను. మీ ఇంటి గోడలెట్లున్నయో ముందు జెప్పు," అంది.

మందు కోసం వస్తే గోడల సంగతి ఎందుకు అడుగుతోందో తెలియక, అతను సాయం కోసం మత్తయ్య వైపు చూశాడు.