బాబాకు రాని వేట లైసెన్సు

వేట సీజన్ మొదలైంది. నాకు వీసా ఇచ్చిన సౌదీ యజమాని అయిన మా కఫీల్, అతని తమ్ముళ్లు లైసెన్సులు తీసుకుని, ఈసారి ఎక్కడ వేటాడనిస్తారో ఫోన్లలో చూసుకుని, పొద్దున్నే బురైదా నుంచి బయల్దేరారు. చేతికర్ర లేనిదే నడవలేని వాళ్ల నాన్న బాబాను మాత్రం డ్రైవర్‌నైన నాకు అప్పగించి పోయారు.

మధ్యాహ్నం చూస్తే బాబా, వేట డేగను మోసే తోలు గ్లౌజు తొడుక్కుని కారులో కూర్చున్నాడు.

“లైసెన్సు వచ్చిందా?”

ఆయన పేరున కొడుకులు అసలు అప్లయ్యే చెయ్యలేదని ఎట్లా చెప్పను? “ఇంకా రాలే బాబా” అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో.

“నాకే రాలేదంటే నా పోరగాళ్లకు గూడ రాలేదన్నట్టే. ఫోన్ చెయ్యి. లైసెన్సు లేకుండ పోవద్దను. దొరికితే జరిమానా ఏస్తరు.”

తల ఊపాను. గ్లౌజు తీయబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

సీజన్ అయిపోయేదాకా రోజూ ఈ అబద్ధమే చెప్పాలి కాబోలు. మీరైతే ఏం చెప్పేవారు?