బియ్యం మామ్మ

మంగళవారం పొద్దున్న, స్టవ్ మీద టీ మరుగుతుండగా, మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. బియ్యం మామ్మ ప్రభువునందు నిద్రించింది. ‘మన సంఘానికి తల్లి’ అని కూడా రాశారు. కాసేపటికి, విడిపోయి వెళ్లిన సంఘంలో ఉన్న మా చెల్లి ఫోన్ చేసింది. వాళ్ల గ్రూపులోనూ అదే మాట రాశారట. బతికున్నప్పుడు ఏ సంఘానికీ అక్కర్లేని మనిషి పోయాక రెండింటికీ తల్లి అయింది. అక్కర్లేదనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మా సంఘం గోపాలపట్నంలో రైల్వే లైను పక్కన, ఒక పోర్టు కళాసీ ఇంటి వరండాలో మొదలైంది. వరండా నిండితే తాటాకు పాక, తుపానుకి పాక పోయాక రేకుల షెడ్డు, ఆ తర్వాత ఇప్పుడున్న రెండంతస్తుల మందిరం. ప్రతిష్ఠ రోజు పెట్టిన రాతి పలక మీద ఈ వరసంతా చెక్కించారు. మామ్మ సంచి సంగతి మాత్రం దాని మీద లేదు.

అప్పట్లో మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేయాలి. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఒక గుప్పెడు, దేవుడి పేరున. శనివారం ఆ డబ్బా గుమ్మం పక్కన పెడితే మామ్మ గుడ్డ సంచితో వచ్చి పట్టుకెళ్లేది. ఆదివారం ఆరాధనయ్యాక ఆ బియ్యమే వండి అందరికీ పెట్టేవాళ్లు. స్టీల్ ప్లాంట్ పనులకని ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఈ ఊళ్లో నా అన్నవాళ్లు లేనివాళ్లు ముందు ఆ అన్నానికే వచ్చారు, తర్వాత ప్రార్థనకి కూర్చున్నారు. ఇప్పటి సంఘపెద్దల్లో సగంమంది అలా వచ్చినవాళ్లే. అడిగితే ఒప్పుకోరు గానీ.

ఎవరైనా డబ్బాలో నూకలు వేస్తే మామ్మ ఊరుకునేది కాదు. “నూకలేసినావేటి? దేవుడికి పళ్లూడిపోనాయనుకున్నావా?” అనేది. అంత గట్టి మనిషీ ప్రసంగం మొదలైన కాసేపటికే గోడకు చేరబడి కునుకు తీసేది. పాట అందుకునే వేళకు మాత్రం తనే లేచేది.

ఆమె ప్రతి ఇంట్లో డబ్బా మూత తీసి లోపలికి చూసేది. వారానికి పద్నాలుగు పూటలు, బియ్యం ఎంతవరకు ఉండాలో ఆమెకు తెలుసు. తక్కువుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగని పూటలున్నాయని అర్థం. నాన్న కాలు విరిగి పోర్టు పనికి వెళ్లలేని రోజుల్లో ఒక శనివారం మా డబ్బా చూసింది. సంచి వంచి మా డబ్బా నిండా పోసింది. అమ్మ సిగ్గుతో చితికిపోయింది.

“వద్దు మామ్మా, అది దేవుడికిచ్చిన బియ్యం,” అంది.

“దేవుడికే ఇచ్చినారు. ఆయనే నీకు పంపినాడు. నాను మోసుకొచ్చినాను, అంతే. పిల్లలకి వొండు,” అని సంచి భుజాన వేసుకుని పక్కింటికి వెళ్లిపోయింది. ఆ సంగతి ఆమె నోటి నుంచి ఎప్పుడూ బయటికి రాలేదు.

పాత పాస్టర్ అయ్యగారు పెద్దవారై మానేశాక ఆయన కొడుకు రావాలా, బయటి పాస్టర్ రావాలా అన్న దగ్గర సంఘం చీలింది. కొడుకు వైపువాళ్లు రెండు వీధుల అవతల ఒక షాపు మీద మేడ అద్దెకు తీసుకున్నారు. చెల్లి అటు, నేను ఇటు. మామ్మ మాత్రం ఆదివారం పొద్దున్న మా ఆరాధనకి, సాయంత్రం వాళ్లదానికి వెళ్లేది. రెండు వైపుల బియ్యమూ ఒకే సంచిలో పోసేది. మా ఇళ్ల బియ్యం వాళ్లకెందుకని మా కమిటీలో నిలదీశారు. అటూ అదే గొడవట.

“గుప్పెడు మీద పేరు రాసుంటదేటి నాయనా? సంచిలో పడ్డాక ఏది ఎవలిదో నాకేటి తెలుస్తాది?” అంది మామ్మ.

రెండు సంఘాలూ బియ్యం ఆపేశాయి. భోజనాలు క్యాటరింగ్‌కి ఇచ్చేశారు. స్త్రీల కూటం కార్యదర్శిగా ఆ తీర్మానం చదివింది నేనే. మామ్మ వెనక చాప మీద కూర్చుని అంతా వింది.

“మరి శనివారం ఇళ్లకి ఎవలెళ్తారు?” అని అడిగింది.

నేను తరవాతి అంశం చదివాను.

నెల కిందట ఆమె మా ఆరాధనకు రావడం మానేసింది. కోపమొచ్చి అటు కలిసిపోయిందనుకున్నాం. కూటంలో ఒకావిడ ఆ మాటంటే నేను నవ్వాను కూడా. అటువాళ్లేమో, మోకాళ్ల నొప్పితో మేడ ఎక్కలేక మా దగ్గరికే వస్తోందనుకున్నారట. చెల్లీ నేనూ వారానికి రెండు మూడుసార్లు ఫోన్లో మాట్లాడుకుంటాం. మామ్మ మీ దగ్గరికి వస్తోందా అని ఒక్కసారి కూడా ఒకరినొకరం అడగలేదు. సంఘం ఊసెత్తితే తగువవుతుందని ఇద్దరం ఆ మాటే ఎత్తం.

చివరికి ఆమెను చూసింది పక్కింటావిడ. సింహాచలం అప్పన్నకి మొక్కే మనిషి, మా మందిరం గడప ఎప్పుడూ తొక్కలేదు. శనివారం కూతురి పురిటికి ఆనందపురం వెళ్లి, ఎనిమిది రోజులకు, ఆదివారం పొద్దున్న తిరిగొచ్చి మామ్మ తలుపు తోసింది. మామ్మ మంచం మీద ఒళ్లు కాలిపోతూ, మాట పడిపోయి ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. మంగళవారం తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

“నాను ఊళ్లో లేను గదమ్మా. మీరు అంతమందున్నారు, సూసుకుంటన్నారనుకున్నాను,” అంది ఆవిడ నాతో. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

సమాధుల తోటకి రెండు సంఘాలూ కదిలొచ్చాయి. ఇద్దరు పాస్టర్లూ ప్రార్థన చేశారు. ఎవరు ముందు చేయాలన్న దాని మీద కాసేపు గుసగుసలు కూడా నడిచాయి. ఆ ప్రార్థనల్లో ఒక్క ముక్క కూడా నా చెవికెక్కలేదు. ఇంక మందిరంలో కూర్చుని ఏ మాట చదవాలన్నా నాకు నోరు రాదనిపించింది. ఇప్పటికీ రావడం లేదు.

శనివారం నాడు చెల్లీ నేనూ ఆమె గది సర్దడానికి వెళ్లాం. మూలన రేషన్ బియ్యం సగం బస్తా ఉంది. పొయ్యి పక్కన ఆమె డబ్బా. పట్టుకెళ్లేవాళ్లు లేకపోయినా ఆమె గుప్పెడు తీయడం మానలేదట. శనివారం శనివారం డబ్బా పక్కింట్లో గుమ్మరించేదట. తను ఆనందపురం బయల్దేరిన శనివారం పొద్దున్న కూడా గుమ్మరించిందని పక్కింటావిడ చెప్పింది.

మూత తీశాను. చెల్లి పళ్లెం పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు గుప్పెళ్లు. అంతే. ఒంటరి మనిషి, రోజుకొక్కసారే వండుకునేది. శని, ఆది, సోమ. మంగళవారం నుంచి ఆ పొయ్యి వెలగలేదు. పక్కన సగం బస్తా బియ్యం పెట్టుకుని, మళ్లీ ఆదివారం దాకా ఆమె అలాగే పడి ఉంది. మధ్యలో ఎవరొచ్చి ఆ మూత తీసినా తెలిసిపోయేది.

బియ్యం మళ్లీ డబ్బాలో పోశాం. దాన్నేం చేయాలో ఇద్దరికీ తోచలేదు. చెల్లి తీసుకెళ్లి బయట గుమ్మం పక్కన పెట్టింది, శనివారాలు అమ్మ పెట్టినట్టే. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. మా సంఘం వాళ్లూ, వాళ్ల సంఘం వాళ్లూ వీధిలో వెళ్తూ మమ్మల్ని చూసి వందనాలు చెప్పారు. పొద్దుపోయేదాకా డబ్బా అక్కడే ఉంది.