ఒక్క బిట్టు తేడా

2004 ఎండాకాలంలో నన్ను కర్నూలులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటరుకు సిస్టమ్స్ మేనేజరుగా వేశారు. నా కింద ఇద్దరు. ప్రోగ్రామర్ సుజాత నందికొట్కూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది, కాంట్రాక్టు ఉద్యోగం. ల్యాబ్ టెక్నీషియన్ ఖాజాభాయ్ యాభై దాటిన మనిషి, అంతకుముందు ఇరవై ఏళ్లు రేడియోలు బాగుచేసినవాడు.

మా సర్వర్‌లో ఉన్నది సోర్స్ నుంచి కట్టుకునే లినక్స్. అంటే ప్రతి ప్రోగ్రామునూ మనుషులు రాసిన రూపంలోనే తెచ్చుకుని, మా మిషను మీదే యంత్రభాషలోకి మార్చుకోవాలి. ఆ మార్చే పని కంపైలర్‌ది. ప్రాక్టికల్ పరీక్షలు వారం ఉన్నాయనగా కొత్త కంపైలర్ అవసరమైంది. పొద్దున దాన్ని కట్టే పని, అంటే బిల్డ్, మొదలుపెడితే మధ్యాహ్నానికి ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఆగింది.

వెతికితే, సర్వర్ వేగం పెరగాలని సుజాత ఒక కంపైలర్ సెట్టింగు మార్చినట్టు కనబడింది. దాన్ని మళ్ళీ పాతలాగే పెట్టినా బిల్డ్ నిలబడలేదు. ఆ మార్పుతో కట్టిన లైబ్రరీలన్నీ, అంటే ప్రోగ్రాములన్నీ పంచుకుని వాడుకునే భాగాలన్నీ, పాడయ్యాయని నాకు నేనే తీర్మానించుకుని, ఆమెను ఒక్క మాట అడక్కుండా ప్రిన్సిపాలుకు నివేదిక రాసేశాను. ఆమె కాంట్రాక్టు పొడిగింపు ఆపేశారు.

మూడో రోజు ఖాజాభాయ్ నేను కాగితం మీద రాసుకున్న ఎర్రర్లు చూశాడు. “సార్, రాతలో తప్పుంటే దినామూ ఒకే తావ ఆగాల గదా? ఇది తావ మారుస్తాండాది. తప్పు రాతలో ల్యా, మిషన్లో ఉండాది” అన్నాడు.

ఆ రోజు బిల్డ్ మొదటిసారి చివరి మెట్టుదాకా వెళ్ళింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. పాత కంపైలర్ కొత్తదాన్ని కడుతుంది. ఆ కొత్తది తన సోర్స్ తానే చదివి తనను మళ్ళీ కట్టుకుంటుంది. అలా పుట్టినది ఇంకోసారి కట్టుకుంటుంది. చివరి రెండు ప్రతులూ అచ్చంగా ఒకటే కావాలి. కాకపోతే అక్కడే ఆగిపోతుంది. మాది ఆగింది. వందల ఫైళ్లలో ఒకే ఒక్క ఫైలు పేరు చూపించింది. రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క బైటు తేడా. ఆ బైటులో ఉన్న ఎనిమిది బిట్లలో ఒక్కటి, ఒక ప్రతిలో సున్నా, రెండోదాంట్లో ఒకటి. అంతే.

ఒళ్ళు జలదరించింది. లక్షల వరుసల పనిలో ఒక్క బిట్టు తిరగబడితే, ఎవరూ వేలెత్తి చూపకుండానే, ఆ పని చేసిన యంత్రమే తన పనిలో తప్పుందని చెప్పింది.  ఖాజాభాయ్ స్క్రూడ్రైవర్ తెచ్చాడు.

సర్వర్ తెరిచాం. ఇలా ఎక్కడో ఒక బిట్టును తిరగేసేది ఎక్కువగా పాడైన మెమరీయే. రెండు మెమరీ (ర్యామ్) కార్డుల్లో మొదటిది తీసి నడిపితే మళ్ళీ ఆగింది. దాన్ని పెట్టి రెండోది తీశాం. మరునాడు బిల్డ్ పూర్తయింది. పోలికలో ఒక్క తేడా రాలేదు. పాడైంది ఆ రెండో కార్డే.

తప్పు నాదని ప్రిన్సిపాలుకు రాసిచ్చాను. పొడిగింపు వచ్చింది, పరీక్షలు అనుకున్న రోజే జరిగాయి. సుజాతకు క్షమాపణ చెప్పుకుంటే ఆమె తల ఎత్తకుండానే అంది: “మొన్నే అడిగింటే చెప్పేదాన్ని సార్, ఆ సెట్టింగు మార్చినాక నేను ఒక్క లైబ్రరీ గూడా కట్టల్యాదని. మీరు అడగనే ల్యా.”

ఆ తర్వాత ఏ బిల్డ్ ఆగినా, ఏ మార్పూ చేయకుండా మరో రెండుసార్లు నడిపించేవాణ్ణి. ఒకే చోట ఆగితే రాతను చూడాలి, చోటు మారితే యంత్రాన్ని చూడాలి. మనిషి మీద నివేదిక రాసేముందు ఆ మనిషిని అడగాలి. దానికి రెండు నిమిషాలు చాలు.