కొన విరవని బెండకాయలు

ప్లేనోలో ఇండియన్ షాపుకి వెళ్లేవాళ్లలో రాఘవులుగారిని ఎరగనివాళ్లు తక్కువ. షాపువాళ్లయితే కావలసినదానికంటే ఎక్కువే ఎరుగుదురు. ‘దయచేసి బెండకాయల కొనలు విరవకండి’ అని రెండు భాషల్లో బోర్డు వెలిసిందంటే ఆ ఘనత ఆయనదే. ఒక్కో కాయా తీస్తారు, కొన పుటుక్కుమనిపిస్తారు, లేతదో ముదురుదో తేల్చుకోలేక మళ్లీ అక్కడే పెట్టేస్తారు. బండెడు కాయల ముక్కులు విరిచి, ఒట్టి చేతులతో కారెక్కుతారు. ఆ రోజు ప్లేనోలో తెలుగువాళ్లందరి ఇళ్లలోనూ మొండిముక్కు బెండకాయల వేపుడే.

ఆయన భార్య ఉమామహేశ్వరి ఈ రోగాన్ని పెళ్లయిన కొత్తలోనే గుర్తుపట్టింది. కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్లు పేరు అడిగితే, ఈయన బారసాల నాడు చూద్దామన్నారు. బారసాల నాటికి మంచి అక్షరం కుదరలేదు. బడిలో చేర్చేదాకా కాగితాల్లో ఆ పిల్ల పేరు ‘బేబీ గర్ల్’. ఆ బేబీ గర్ల్ ఇప్పుడు నమ్రత అనే పేరుతో హెర్న్‌డన్‌లో ఉద్యోగం చేస్తోంది.

రాఘవులుగారి కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొనుక్కున్న ఏడాది, ఆయన పన్నులు చూసే దివాకర్ ఒక ఉపాయం చెప్పాడు.

“అంకుల్, కొన్ని షేర్లు డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో పెట్టేయండి. దానం చేసినట్టే లెక్క, ట్యాక్స్ డిడక్షన్ ఈ ఏడాదే వస్తుంది. ఏ సంస్థకి పంపాలో తరవాత తీరిగ్గా చెప్పొచ్చు. వెనక్కి మాత్రం రావు, అంతే.”

తీరిగ్గా అన్న మాట ఎవరితో అంటున్నాడో దివాకర్ చూసుకోలేదు. షేర్లు వెళ్లాయి, పన్ను తగ్గింది. విందుల్లో ఎవరైనా దానధర్మాల మాట ఎత్తితే “మేం ఎప్పుడో ఇచ్చేశాం” అని రాఘవులుగారు మీగడ పెరుగు కలుపుకునేవారు. ఇచ్చింది ఫండ్‌కి. ఫండ్ నుంచి ఒక్క డాలరూ ఎక్కడికీ కదల్లేదు. సాయంత్రం అయ్యేసరికి లాప్‌టాప్ తెరిచి కంటి ఆస్పత్రులూ, బళ్లూ, బావులూ ఒక్కొక్కటే చూసేవారు. ఒకచోట జీతాలు ఎక్కువనిపించేది. ఇంకోచోట నివేదిక ఆలస్యమైందనిపించేది. అన్నిటికీ కొన విరిచి పెట్టేసేవారు.

ఉమామహేశ్వరి మాత్రం ప్రతి శనివారం తార డాక్టరుగారి ఉచిత క్లినిక్‌లో కూర్చునేది. కొడుకుల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన తల్లులు, ఇన్సూరెన్స్ లేని స్టూడెంట్లు అక్కడికే వస్తారు. పేర్లు రాయడం, బీపీ చూడడం, ఏడిస్తే టిష్యూలు అందించడం ఆమె పని. రాఘవులుగారు ఆమెను దింపి, ఏసీ వేసుకుని కారులోనే కూర్చునేవారు.

ఒక శనివారం ఇంటికొచ్చి, ఉప్పు వేసిన వేడినీళ్లలో పాదాలు పెట్టుకుని చెప్పింది.

“నెలాఖరుకి క్లినిక్ మూసేస్తున్నారండీ. బిల్డింగ్ ఓనరు అద్దె పెంచాడు. మన ఫండ్‌లోంచి పంపితే నిలబడుతుంది.”

“చూద్దాం ఉమా. వాళ్ల అకౌంట్స్ ఒకసారి చెక్ చేయాలి.”

“వాళ్లెవరండీ? వాళ్లలో నేనూ ఉన్నాగా.”

“అది కాదు. ఇంతకంటే మంచిది ఇంకోటి ఉండొచ్చు కదా?”

“ఉంటుంది లెండి. ఎప్పుడూ ఉంటుంది.”

ఆమె కోపంగా అనలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

ఆ వారంలోనే ఫండ్ ఆఫీసు నుంచి మళ్లీ గుర్తుచేశారు. మీ తరవాత ఈ ఖాతా ఎవరు చూస్తారు? రాఘవులుగారు కూతురికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు.

“నమ్మూ, నా తరవాత ఫండ్ నువ్వు చూసుకుంటావా?”

“ష్యూర్ నాన్నా. ఫస్ట్ వీక్‌లోనే అంతా ఇచ్చేస్తా.”

“ఫస్ట్ వీక్‌లోనా! ఎవరికే?”

“అమ్మ క్లినిక్‌కి. అప్పటికి ఉంటే.”

“నీ పేరు రాసేముందు కొంచెం ఆలోచించాలి.”

“బేబీ గర్ల్ అని రాసెయ్ నాన్నా. అలవాటే కదా!”

ఎవరి పేరూ రాయకపోతే ఏమవుతుందని ఫండ్ ఆఫీసుకే ఫోన్ చేశారు. మా కమిటీయే తనకు నచ్చిన సంస్థలకి పంచేస్తుందని అక్కడి అమ్మాయి మర్యాదగా చెప్పింది. ఆయన ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగారు.

“ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లట, ఉమా!”

“మంచిదే. వాళ్లు ఒక మధ్యాహ్నంలో తేల్చేస్తారు.” ఆమె తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. “నేనింక అడగనండీ. అలిసిపోయాను.”

నిజంగానే అడగలేదు. భోజనం దగ్గర అడగలేదు, వాకింగ్‌లో అడగలేదు. రాఘవులుగారు రెండుమూడుసార్లు తనే గొంతు సవరించుకున్నారు. ఆమె పెరుగు గిన్నె ఆయన వైపు జరిపింది.

ఆఖరి శనివారం ఎండకి కారు ఏసీ కూడా చేతులెత్తేసింది. రాఘవులుగారు మొదటిసారి క్లినిక్ లోపలికొచ్చి కూర్చున్నారు. పక్క కుర్చీలో రాజేశ్వరమ్మ. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి.

“మీకూ షుగరేనా అన్నయ్యగారూ?”

“లేదమ్మా. ఊరికే...”

“అదృష్టవంతులు. నేను మాత్రలు సగం సగం విరిచి వేసుకుంటున్నా. వచ్చే వారం ఇది ఉండదట. మావాడికి చెబితే బిల్లులని బెంగపెట్టుకుంటాడు.” ఆవిడ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాననుకుంది. “ఆ ఉమమ్మగారి ఆయన దగ్గర దానానికని తీసిపెట్టిన డబ్బుందట. చేతులు పడిపోయాయో ఏమో పాపం, ఇవ్వలేకపోతున్నాడు. డాక్టరమ్మకి చూపించుకోవచ్చుగా?”

కౌంటర్ వెనక ఉమామహేశ్వరికి అంతా వినబడింది. ఇదివరకైతే గబగబా లేచి మాట మార్చేది. ఈసారి తల వంచుకుని బీపీ మిషను పట్టీ చుడుతూ ఉండిపోయింది.

కాసేపటికి ఆయన కౌంటర్ దగ్గరికి వచ్చారు. చేతిలో ఫోను.

“ఉమా, క్లినిక్ రిజిస్టర్డ్ పేరు ఏమిటి?”

“గోడ మీద ఉంది. చూసుకోండి.”

చూసుకున్నారు. ఫండ్‌లోంచి క్లినిక్‌కి డబ్బు పంపమని నిలబడే టైపు చేశారు. చెమట పట్టిన వేలికి ఫోను రెండుసార్లు పలకలేదు, మూడోసారి పలికింది. తన తరవాత ఉమామహేశ్వరి, ఆమె తరవాత నమ్రత అని కూడా రాసేశారు. పిల్లకి పేరు పెట్టిన నాటిలాగే, రాసింది ఒకసారి పైకి చదివి ఆమెకు వినిపించారు.

డబ్బు వెంటనే రాలేదు. ఫండ్ ఆఫీసు పరిశీలనకి కొన్ని రోజులు పడుతుందంది. తార బతిమాలితే బిల్డింగ్ ఓనరు లేట్ ఫీజు కడితే ఆగుతానన్నాడు. ఆ ఫీజు ఉమామహేశ్వరి తన కార్డు మీద కట్టింది. ముందు వారమే ఇచ్చి ఉంటే అదీ ఉండేది కాదు.

ఆ శనివారం ఇంటికి వెళుతూ ఆమె కారులో నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి షాపు ముందు ఆగి ఉన్నారు. రాఘవులుగారు బెండకాయల సంచీ ఆమె ఒళ్లో పెట్టారు. సంచీ విప్పి చూసింది. ఒక్కదానికీ కొన విరగలేదు.

ఇంటికొచ్చి తరుగుతుంటే నాలుగైదు ముదుర్లు తగిలాయి. వాటిని పక్కన పడేసి, మిగతావి మూకుట్లో వేసింది.