కొండప్ప ఇల్లు ఎవరిది?

ధర్మవరంలో శ్రీరంగప్పకు ఏ సంగతి చెప్పినా ముందు చెయ్యి చాపుతాడు. ఆ చేతిలో కాగితం పెడితే నమ్ముతాడు. లేకపోతే చెప్పినవాడు దేవుడైనా సరే, నమ్మడు. బళ్ళో గుమాస్తాగా ముప్పైయేళ్ళు టీసీలు రాసిచ్చిన చెయ్యి అది.

“నాయనా, గార్లదిన్నెలో వాన పడిందంట,” అన్నాడొకసారి కొడుకు వీరేష్.

“కాగితముండాదా?”

“వానకు కాగితమేంది నాయనా?”

మరునాడు పేపర్లో ధర్మవరంలోనూ జల్లులు పడినట్లు వచ్చింది. వీధిలో చూస్తే దుమ్ము లేస్తోంది. శ్రీరంగప్ప పేపరు చూశాడు, దుమ్ము చూశాడు. “పడే ఉంటాది. మనమే చూసుకోల్యా,” అన్నాడు.

అలాంటి మనిషి ఈ ఎండాకాలం తన తాత కొండప్ప ఇంటి దస్తావేజు కోసం బయల్దేరాడు. తండ్రీకొడుకులు వేరే వీధిలో ఉంటారు. కొండప్ప ఇంట్లో ఉండేది శ్రీరంగప్ప మేనత్త కూతురు సువర్ణ. ఒంటరి మనిషి. వసారాలో ఉగ్గాని, బజ్జీలు అమ్ముకుంటుంది. ఎవరొచ్చినా ఆ ఇంట్లో తానే చుట్టమైనట్లు ఒదిగి నిలబడుతుంది.

“ఎన్నాళ్ళని మీ ఇంట్లో ఊరికే ఉండేది బావా? హిందూపురం పోయి ఏదో పని చూసుకుంటా,” అంది సువర్ణ.

“పోదువులే. ముందు ఇంటి కాగితం దొరకనీ,” అన్నాడు శ్రీరంగప్ప.

వీరేష్‌కు అంతా అర్థమైపోయింది. అర్థం చేసుకోవడంలో తన అంత చురుకైనవాడు జిల్లాలో లేడని అతని నమ్మకం. అత్త వెళ్ళిపోతుంది, నాయన కాగితాలు సరిచేస్తాడు, తాను ఆ ఇల్లు పడగొట్టి రెండు షట్టర్లతో సెల్‌ఫోన్ల అంగడి పెడతాడు. షట్టర్లకు నీలం రంగని కూడా తేల్చుకున్నాడు. ఆ ఉత్సాహంలో సొంత పెట్రోలు పోసుకొని నాయనను ఆరుసార్లు రిజిస్ట్రారు ఆఫీసుకు తిప్పాడు. కొండప్ప పేరుతో ఎన్ని పాత పుస్తకాలు తిరగేయించినా ఏమీ దొరకలేదు.

ఏడోసారికి అక్కడ పనిచేసే గౌతమి అడిగింది. “ఆడోళ్ళ పేర్లతో వెతికించినారా?”

“మా ఇంట్లో ఆడోళ్ళకు ఇల్లు యాడిది మేడమ్?” అని వీరేష్ నవ్వాడు.

“లేదనేదానికి కాగితముండాదా?” అంది గౌతమి.

శ్రీరంగప్ప ఆమె వైపు కన్నార్పకుండా చూశాడు. తర్వాత ఒక్కొక్క అక్షరం పలుకుతూ తన అవ్వ పేరు చెప్పాడు. అక్కమ్మ.

వారానికి నకలు చేతికొచ్చింది. కొన్నది కొండప్ప భార్య అక్కమ్మ, వృత్తి మగ్గం నేత, సొంత సంపాదనతో. శ్రీరంగప్ప మూడుసార్లు చదివి బెంచీ మీద కూలబడ్డాడు.

“బతుకంతా కాగితం లేకుండా నమ్మింది ఒకే ఒకటిరా, ఇది కొండప్ప ఇల్లని. ఆ ఒక్కటీ తప్పే! ముప్పైయేండ్లు ఊరందరి పిల్లోళ్ళకు టీసీలు రాసినా గానీ, మా అవ్వ సంగతి తెలీల్యా నాకు.”

“ఎవరి పేరైతేనేం నాయనా, మనదే కదా?”

“యాడ మనది? అవ్వకు మా నాయన, సువర్ణ వాళ్ళమ్మ ఇద్దరే. అవ్వ సొత్తు కొడుక్కెంతో కూతురికీ అంతే. అవ్వ పేరు చెప్పిన రోజే, ఎందుకైనా మంచిదని వకీలుతో ఈ మాట రాయించుకొని పెట్టినా. సువర్ణది సగం.”

వీరేష్ కళ్ళముందు ఒక షట్టరు దబ్బున మూసుకుంది. “మరి మన సగం?”

“దానికి తొందరేముండాది? అత్త ఉన్నన్నాళ్ళు ఎట్లుండాదో అట్లే ఉండనీ.”

రెండోదీ మూసుకుంది. “నువ్వు అత్తను పంపేదానికి కదా నాయనా ఇంత తిరిగింది?”

“పంపేదానికి కాగితమెందుకురా? నోటి మాట చాలు. ఉండమనేదానికే కావల్సొచ్చింది. మూడేండ్లుగా ఉండమంటాండా, ఊరికే ఉండనంటాది. తాత ఆమెకేమన్నా రాసినాడేమోనని తిరిగినా. అవ్వ ఇంత పని చేసిందని కలగన్నానా?”

తన చురుకుదనం తలచుకుంటే వీరేష్‌కు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే బండి తీసి, నాయనను నేరుగా సువర్ణ ఇంటికి తీసుకెళ్ళాడు.

సువర్ణ వంటింట్లో గిన్నెలు మూట కడుతోంది. ఇద్దరూ నేరుగా అక్కడికే వెళ్ళారు. ఆమె కాగితం అందుకొని చదివింది. అవ్వ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. “ఇది మా అవ్వది. నాక్కూడా వస్తాదా బావా?”

“వస్తాదమ్మా. నేనిచ్చేది కాదు. వచ్చేదే.”

సువర్ణ మూట విప్పింది. గిన్నెలు ఒక్కొక్కటి తీసి అరలో సర్దింది. తర్వాత వెనక్కి తిరిగి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“పదేండ్లుగా చెప్పాలనుకుంటాండా. చెప్పులేసుకొని వంటింటి దాకా వస్తారేంది, తండ్రీ కొడుకులు? బయట విడవండి!”

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ వసారాలోకి పరుగెత్తారు. చెప్పులు విడుస్తున్న శ్రీరంగప్ప ముఖం వెలిగిపోతోంది. “చూస్తివా, ఎట్లనిందో! అననీ. ఇంగా అననీ,” అంటూ కొడుకు వీపు మీద చరిచాడు.